మేటి రాయి

మా వీధిలో గోడలకు వేలాడే ఫొటోలు చూసి ఎవరు ఏ కాలంలో పోయారో చెప్పేయగలను. రంగు వెలిసిన ఫొటోల్లో ఉన్నవాళ్లు ముసలివాళ్లు. మంచం పట్టి పోయారు, లేదంటే పాము కరిచో, వాంతులు పట్టుకునో పోయారు. కొత్త ఫొటోల్లో ఉన్నవాళ్లకు మీసాలు నల్లగా ఉంటాయి. వాళ్లలో ఎక్కువమంది రోడ్డు మీద పోయినవాళ్లే.

నా చిన్నతనంలో మాది ఎర్ర కంకర రోడ్డు. బస్సు వచ్చిందంటే దుమ్ము ముందు వచ్చేది, బస్సు తర్వాత వచ్చేది. ఆ తర్వాత తారు వేశారు. ఆ తర్వాత వెడల్పు చేశారు. వెడల్పు చేసినప్పుడు మేమంతా సంతోషించాం. రోడ్డు బాగుపడితే మనుషులు బాగుపడతారనుకున్నాం. గతుకుల రోడ్డు మీద పడ్డవాడికి మోచెయ్యి గీరుకుపోయేది, లేచి దులుపుకుని తిట్టుకుంటూ పోయేవాడు. నున్నటి రోడ్డు మీద పడ్డవాడు లేవడం లేదు. ఒకప్పుడు నాట్లకు నడిచి వెళ్లే ఆడవాళ్లం ఆటో వెనక కాళ్లు వేలాడేసుకుని వెళ్లడం మొదలెట్టాం. ఇంటింటికీ మోటారు బండి వచ్చింది. బండితో పాటు హెల్మెట్టు కూడా వచ్చింది గానీ, అది నెత్తి మీద కాక అద్దానికి వేలాడుతుండేది. పోలీసు కనిపించినప్పుడు మాత్రం నెత్తికెక్కేది.

ఆ కొత్త ఫొటోల్లో ఒకటి నా వల్ల గోడకెక్కింది. అది చెప్పడానికే ఈ కాగితం పట్టుకున్నాను. రోడ్డు మీద పోయినవాళ్ల గురించి అందరూ డ్రైవర్ని తిడతారు, లేకపోతే పోయినవాణ్ని తిడతారు. నేను తిట్టాల్సింది నన్ను.

కళ్లం గురించి ముందు చెప్పాలి. తెలియకపోతే రాయి సంగతి అర్థం కాదు.

మేం కాపురానికి వచ్చిన కొత్తలో ఊరి వెనక మాకో కళ్లం ఉండేది. పంట కోసి తెచ్చి నూర్చే చోటు. కోతల ముందు దాన్ని చదును చేసి, పేడతో అలికి, మధ్యలో ఒక గుంజ పాతేవాళ్లం. దాన్ని మేటి అంటారు. ఎద్దుల్ని దానికి కట్టి చుట్టూ తిప్పితే వాటి కాళ్ల కింద గింజ రాలేది. మేటికి పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్లం. కళ్లంలోకి చెప్పులేసుకుని ఎవరూ అడుగు పెట్టేవారు కాదు. అన్నిటికంటే గట్టి కట్టుబాటు ఒకటుంది. ఆఖరి గంప ఇంటికి చేరేదాకా మేటిని కదపకూడదు. కదిపితే పొలి పోతుంది, అంటే ఎంత పండినా ఇంట్లో నిలవదు. మా అత్త ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

తర్వాత ఎద్దుల్ని మేపలేక అమ్మేశాం. కళ్లం ఉన్న చోట ఇళ్లు లేచాయి. మెట్ట చేనులో ఉలవలు మాత్రం వేస్తూనే ఉన్నాం. పీకిన ఉలవ మొక్కల్ని తొక్కించడానికి ఎద్దుల్లేవు, కళ్లం లేదు. అందరూ చేసిన పనే మేమూ చేశాం. రోడ్డు మీద సగం వెడల్పున పరిచేశాం. లారీలు, బస్సులు తొక్కుతూ పోతాయి, గింజ రాలిపోతుంది. రెండో సగం ఖాళీగా ఉంటే బండ్లన్నీ అటే పోతాయి కదా. అందుకని ఖాళీ సగంలో రాళ్లు పెట్టేవాళ్లం. రాయి చూసి డ్రైవర్లు మా ఉలవల మీదికి రావలసిందే. తిట్టుకుంటూ వచ్చేవాళ్లు. "ఈ రోడ్డు మీ తాత ఏయించినాడా?" అని కిటికీలోంచి అరిచేవాళ్లు. "మా తాత చేను మింగే ఏసినారు, తొక్కి ఎల్లు!" అని నేను అరిచేదాన్ని. అబద్ధం కాదు, వెడల్పు చేసినప్పుడు మా చేను చివర కొంత పోయింది.

ఆ రోడ్డు పక్కనే నాకు చదువూ వచ్చింది. యాభై దాటాక ఊళ్లో పెద్దవాళ్ల బడి పెడితే వెళ్లాను. వేలు నల్లగా చేసుకుని కాగితాల మీద నొక్కడం నాకు ఎప్పుడూ రోతగా ఉండేది. సాయంత్రం నేర్చుకున్న అక్షరాల్ని పగలు ఉలవల కాపలా కాస్తూ లారీల వెనక వెతికేదాన్ని. ఒక లారీలో సగం మాట దొరికేది, అంతలో వెళ్లిపోయేది. మిగతా సగానికి ఇంకో లారీ కోసం చూసేదాన్ని. అలా చదివిన మొదటి పూర్తి మాట 'నిదానం'.

వీధిలో నాకు వరసకు వదిన ఒకామె ఉంది. ఇద్దరం ఒకే ఏడు కాపురానికొచ్చాం. మొగుడు తొందరగా పోతే, గంపలో కూరగాయలు పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మి ఒక్క కొడుకుని పెంచింది. అతనికి నెల్లిమర్ల జూట్ మిల్లులో పని. బొబ్బిలి వైపు పిల్లనిచ్చారు. ఒక కూతురు. నన్ను అత్తా అని పిలిచేవాడు. పనికి వెళ్లేటప్పుడు నా ఉలవల దగ్గర బండి ఆపి వేళాకోళం ఆడనిదే కదిలేవాడు కాదు.

"అత్తా, రోజూ నీ ఉలవలు తొక్కుతన్నాను. నాకు కూలేటి?"

"నీ బండి బరువుకి ఉలవ గింజ నవ్వుతాది గానీ రాలదురా. లారీ కొనుక్కుని రా, కూలిస్తాను."

"లారీ కొంటే ఈ రాల్లన్నీ గుద్దీసి ఎల్పోతాను సూడు."

అలా ఉండేది మా మాట.

ఆ ఏడు పుష్యమాసంలో ఉలవలు మూడు రోజుల పని పడ్డాయి. రోడ్డు మీద మేటి పాతలేం కదా. కొన్నేళ్లుగా నేను ఒక పని చేస్తున్నాను. ఖాళీ సగంలో పెట్టే రాళ్లలో పెద్దదాన్ని మేటి అనుకుని, పసుపు రాసి బొట్టు పెట్టేదాన్ని. మిగతా రాళ్లు సాయంత్రానికి అంచుకు చేర్చేవాళ్లం. ఆ పెద్ద రాయిని మాత్రం పని పూర్తయ్యేదాకా కదపనిచ్చేదాన్ని కాదు. ఊళ్లో అందరికీ రోడ్డు మీద రాళ్లు పెట్టే అలవాటుంది. ఒక రాయిని మేటి చేసి అక్కడే ఉంచే పిచ్చి మాత్రం నాదే.

రెండో రోజు సాయంత్రం మొక్కలన్నీ పక్కకు పోగేసి టార్పాలిన్ కప్పాం. మా ఆయన చిన్న రాళ్లు తీసి అంచున వేసి, పెద్దదాని దగ్గర నిలబడ్డాడు.

"ఏటే, దీన్నీ తీసెద్దుం. పొద్దున మంచు గట్టిగా ఏస్తంది."

"మేటి కదిపితే పొలి పోతాది. రేపు ఒక్క రోజే కదా."

"ఎద్దుల్నేవు, కల్లం నేదు, పొలి ఎక్కడిదే నీకు?"

"నీకు తెల్దు. ఒగ్గీ."

అలాగే వదిలేశాడు. నా నోటికి జడిసి బతికినవాడు.

అదే సాయంత్రం వదిన కొడుకు మా అరుగు మీద కూర్చుని కొత్త ఉలవల గుగ్గిళ్లు తిన్నాడు. పక్క వీధిలో పెళ్లి భోజనాలు జరుగుతున్నాయి, మగవాళ్లు అప్పటికే తూలుతున్నారు. "ఎల్లవేటిరా నువ్వు?" అన్నాను. "బోజనం సేసీసి వచ్చీసినాను. రేపు పొద్దుటి షిఫ్టు అత్తా, సీకటితో లేవాల. మందు ముట్టుకుంటే లేవను" అన్నాడు. ఇంకో గుప్పెడు గుగ్గిళ్లు కూతురికని జేబులో పోసుకుని వెళ్లాడు.

పొద్దున తెల్లవారుతుండగా నేను టార్పాలిన్ మీద మంచు నీళ్లు దులపడానికి వెళ్లాను. ఆ రోజు మంచు ఎలా ఉందంటే నా చెయ్యి నాకు కనిపిస్తోంది గానీ రోడ్డు అవతలి అంచు కనిపించడం లేదు. బండి చప్పుడు వినిపించింది. దీపం తెల్లటి మచ్చలా వచ్చింది. నేను అరవాలనుకున్నాను. ఏమని అరవాలో నాకు అందేలోపు చప్పుడైంది. ఇనుము రాయికి తగిలిన చప్పుడు ఒకటి, మనిషి తారుకు తగిలిన చప్పుడు ఒకటి. రెండూ వేరు. ఇప్పటికీ నాకు వేరువేరుగా వినిపిస్తాయి.

దగ్గరికి వెళ్లాను. బండి పక్కకు తిరిగి పడి చక్రం తిరుగుతోంది. అద్దానికి హెల్మెట్టు వేలాడుతోంది. అతను నాలుగు బారల అవతల పడి ఉన్నాడు. రాయి దారి మధ్యలో, పసుపుతో, నేను పెట్టిన బొట్టుతో.

ఇక్కడ నేను చేసింది రాయాలి. నేను ముందు అతని దగ్గరికి వెళ్లలేదు. ముందు రాయి దగ్గరికి వెళ్లాను. రెండు చేతులతో దొర్లించుకుంటూ రోడ్డు దాటించి పల్లంలోకి తోసేశాను. బరువు రాయి. మామూలుగా ఇద్దరం కలిసి కదిపేవాళ్లం. ఆ రోజు ఒక్కదాన్నే దొర్లించేశాను. అది పల్లంలో తుప్పల మధ్య పడ్డాకే అతని వైపు పరిగెత్తాను. ఎంతసేపు పట్టిందంటారా, చుట్ట ముట్టించి రెండు దమ్ములు పీల్చినంత సేపు. అంత తక్కువే. కానీ అది అతనిది, నేను తీసేసుకున్నాను.

అతనికి తెలివి ఉంది. చెవిలోంచి రక్తం వస్తోంది. నన్ను గుర్తుపట్టాడు.

"అత్తా, ఏటి తగిలింది?"

"ఏటీ నేదు నాయినా. జారిపోనావు."

"ఏటో తగిలింది అత్తా."

"నేదు నాయినా, నేదు."

తర్వాత మాట్లాడలేదు. నా కేకలకు జనం వచ్చారు. అంబులెన్సు వచ్చింది. విజయనగరం చేరకముందే పోయాడు.

మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. ముందు చూసింది నేనే కాబట్టి నన్నే అడిగారు.

"రోడ్డు మీద ఏమైనా అడ్డం ఉందా అమ్మా? గేదె గానీ, గుంత గానీ, రాయి గానీ?"

మా ఆయన నా పక్కనే ఉన్నాడు. అంచున చిన్న రాళ్లున్నాయి, అవి అందరికీ కనిపిస్తున్నాయి. పెద్దది లేదని ఆయన చూశాడు. నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేదు బాబూ. మంచు. బండి గట్టిగా వచ్చినాది, జారినాది" అన్నాను.

"తాగే అలవాటుందా?"

నేను నోరు తెరవకముందే వెనక నుంచి ఎవరో, "నిన్న పెల్లి బోజనాలు కదండీ" అన్నారు. పోలీసాయన తల ఊపాడు. నాకు తెలుసు అతను ముట్టలేదని. నా అరుగు మీద గుగ్గిళ్లు తిన్న నోరు అది. కానీ ఆ మాట అక్కడ పడగానే నా గుండెలో బరువు దిగినట్టయింది. దానికి నేను సిగ్గుపడుతున్నాను. అప్పుడు మాత్రం సిగ్గుపడలేదు.

కాగితం రాసి, సిరా డబ్బా నా ముందుకు జరిపాడు. "వేలిముద్ర వేయండి."

"సంతకం పెడతాను" అన్నాను.

పెట్టాను. పెట్టే ముందు చదివాను కూడా. 'అతివేగంగా వచ్చి అదుపు తప్పి పడిపోవుట వలన' అని ఉంది. ప్రతి అక్షరం కూడబలుక్కున్నాను. వేలిముద్ర వేసేవాళ్లు చదవకుండా వేస్తారు, వాళ్ల పాపం వాళ్లకు తెలియదు. నేను చదివి పెట్టాను.

ఆసుపత్రి వాళ్లు కాగితంలో ఏం రాశారో మా ఊళ్లో ఎవరూ చూడలేదు. చూడాల్సిన పని లేదనుకున్నారు. "తాగి పడిపోనాడు" అన్న మాట దినవారాల లోపే ఊరంతా పాకి, బొబ్బిలి వైపు అత్తారింటిదాకా వెళ్లింది. అక్కడి నుంచి కోడలి అన్నదమ్ములు వచ్చి వీధిలో నిలబడి అన్నారు, "తాగుబోతుకిచ్చి దాని గొంతు కోసీసినాం" అని. కోడల్నీ పిల్లనీ తీసుకుపోయారు. వదిన పిల్లని చూడ్డానికి రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి గుమ్మంలో చూపించి పంపేశారు. రెండోసారి బడికి వెళ్లిందన్నారు. ఆ రోజు ఆదివారం.

తర్వాతి వానాకాలంలో రోడ్డు పక్క తుప్పలు కొట్టేవాళ్లకు పల్లంలో రాయి దొరికింది. వానకు సగం కరిగిన పసుపు, బొట్టు. దేవత అనుకున్నారు. అక్కడ ఒక మనిషి పోయాడని వాళ్లకు ఊళ్లోవాళ్లు చెప్పారు. ఇంకేముంది, ఆ మనిషిని తీసుకున్న తల్లి ఇదే, శాంతింపజేయాలి అన్నారు. పైకి తెచ్చి రోడ్డు అంచున నిలబెట్టారు. నా రాయని గుర్తుపట్టినవాళ్లున్నా పైకి అనలేదు. దారమ్మ అని పేరు పెట్టారు. బండి కొన్నవాళ్లు అక్కడ ఆగి నిమ్మకాయలు తొక్కించడం మొదలెట్టారు. లారీల వాళ్లు కొబ్బరికాయ కొడతారు. కొంచెం అవతల, వాళ్ల ఎదురుగానే, జనం మళ్లీ పంట పరిచి రాళ్లు పెడతారు.

వదిన ప్రతి శుక్రవారం ఆ రాయికి పసుపు రాసేది. నేను అటు వైపు వెళ్లడం మానేశాను. చేనుకు చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

మా ఆయన రెండేళ్లకు మంచం మీద పోయాడు. ఈ రోజుల్లో అదో అదృష్టం. ఆఖరి వారం నీళ్లు తాగిస్తుంటే గ్లాసు పక్కకు తోసి, "ఆవిడికి సెప్పీయే" అన్నాడు. ఎవరికో, ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు. బతికున్నన్నాళ్లూ మేం ఆ రాయి మాట ఎత్తలేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర.

అయినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే జడుపు. ఊరు ఏమంటుందోనని కాదు. వదిన నన్ను చూసే చూపు ఎలా మారుతుందోనని. నాకు ఇంకెవరున్నారు?

ఒక శుక్రవారం బస్సు దిగి ఇంటికి వస్తున్నాను. ఆ వేళప్పుడు అక్కడ ఎవరూ ఉండరనుకున్నాను. వదిన ఉంది. నన్ను చూడలేదు. రాయి ముందు కూర్చుని, పసుపు చేతులు జోడించి మాట్లాడుతోంది.

"తల్లీ, మావోడు తాగి నీ దారి తొక్కినాడు. తప్పే. బుద్ది నేక సేసినాడు, గుంటడు. నా మొకం సూసి తప్పు కాయి. ఆడి బిడ్డని నాకు సూపించు."

కొడుకు తరఫున నా రాయిని క్షమాపణ అడుగుతోంది.

నా చేతిలో సంచి కింద పడింది. ఆమె తిరిగి చూసింది.

"ఏటే అలగ నిలబడిపోనావు? దెయ్యం పట్టినట్టు?"

"ఒదినా, ఆడు తాగలేదు."

"ఏటి?"

"ఆడు తాగలేదు ఒదినా. ముందు రోజు నా అరుగు మీదే ఉన్నాడు. ముట్టుకోనని నాతో సెప్పినాడు. ఇది దేవత కాదు. నా మేటి రాయి. రోడ్డు మీద నేనే ఒగ్గీసినాను. దీనికే తగిలి పడ్డాడు. నేనే పల్లంలోకి తోసీసినాను."

ఆమె రాయి వైపు చూసింది. చేతికున్న పసుపు వైపు చూసింది. చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"తాగలేదా?" అంది.

"నేదు."

"మళ్లీ సెప్పు."

"తాగలేదు ఒదినా."

"ఇన్నేల్లూ నానే అందరికీ సెప్పుకుంటూ తిరిగినానే, నా కొడుకు తాగి సచ్చినాడని." గొంతు పెద్దది చెయ్యలేదు. "రేపు పొద్దున బస్సుకి తయారుగుండు. బొబ్బిలి ఎల్దుం. ఆల్ల గుమ్మంలో ఈ మాట సెప్పాల. నాను సెప్తే నమ్మరు. నువ్వు సెప్పాల."

మర్నాడు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కండక్టరు మా ఇద్దర్నీ చూసి, "ఏటి మామ్మల్లారా, పెల్లికేటి?" అని నవ్వాడు. టిక్కెట్లు చింపి ముందుకు పోయాడు.

కోడలి ఇంట్లో ఆమె అన్నదమ్ములు లేరు, పొలం వెళ్లారు. ఆమె ఒక్కతే వసారాలో చేటతో బియ్యం చెరుగుతోంది. చిక్కిపోయింది. అత్తను చూసి లేచింది గాని లోనికి రమ్మనలేదు. వదిన మెట్టు మీద నిలబడి నన్ను ముందుకు తోసింది.

"సెప్పు."

చెప్పాను. రాయి, మేటి, మంచు, పోలీసుల కాగితం, సంతకం. తాగలేదన్న మాట మొదట చెప్పాను, ఆఖర్న కూడా చెప్పాను. కోడలు చేట పట్టుకుని అలాగే నిలబడి విన్నది. ఒక మాట మాత్రం నేను మింగేశాను. ముందు రాయి దగ్గరికి వెళ్లానని చెప్పలేదు. అంత దూరం వచ్చి కూడా మింగేశాను. తన తప్పు తాను చెప్పుకోవడానికి వెళ్లినవాడు కూడా సంచీ అడుగున ఒకటి దాచుకునే వెళ్తాడు.

ఆమె అడిగింది.

"సిన్నత్తా, నువ్వెల్లేసరికి ఆయన మాటాడినారా?"

ఎన్నేళ్లుగానో ఆమె ఎవరినీ అడగలేక దాచుకున్న ప్రశ్న అది. ఆమె మొహం చూస్తే తెలిసింది. లేదు, మాట్లాడలేదు అంటే అక్కడితో అయిపోయేది. ఆమెకూ తేలికయ్యేదేమో. నాకు తప్పకుండా తేలికయ్యేది. కానీ రోడ్డు మీద అతనికి ఒక అబద్ధం చెప్పాను. అతని పెళ్లానికి ఇంకోటి చెప్పలేకపోయాను.

"మాటాడినాడు. ఏటి తగిలింది అత్తా అని అడిగినాడు. ఏటీ నేదన్నాను. ఏటో తగిలిందని మళ్లీ అన్నాడు. మళ్లీ నేదన్నాను. అంతకు ముందు..." వసారా స్తంభం పట్టుకున్నాను. "అంతకు ముందు రాయి తోసీడానికెల్లినాను. ఆడు పడి ఉండగా ముందు రాయి తోసీసినాను. ఆ తర్వాతే ఆడి కాడికెల్లినాను."

చేటలో బియ్యం కొంచెం ఒలికాయి. నా పక్కన వదిన ఊపిరి నాకు వినిపించింది. ఈ మాట ఆమెకూ కొత్తే.

కోడలు చేట కింద పెట్టింది. ఒలికిన గింజలు వేళ్లతో ఏరింది. ఏరుతూ, నా వైపు చూడకుండా అంది.

"అత్తా, నువ్వు లోనకి రా. పిల్ల బడి నుంచి వచ్చీ ఏలయింది. ఆవిడ్ని ఎల్పోమను."

వదిన లోపలికి వెళ్లింది. వెనక్కి తిరగలేదు.

నేను రోడ్డు దాకా నడిచి బస్సు కోసం నిలబడ్డాను. దాహంగా ఉంది. ఆ వీధిలో ఎవరినైనా అడిగితే నీళ్లిచ్చేవారు. అడగబుద్ధి కాలేదు. ఎదురుగా బడి నుంచి పిల్లలు వస్తున్నారు. వాళ్లలో ఒక పిల్లకు తండ్రి నుదురు ఉంది. నన్ను దాటుకుని వెళ్లిపోయింది.

తిరిగొచ్చే బస్సులో ముందు సీటు దొరికింది. దారిలో రెండు చోట్ల ఉలవలు పరిచి ఉన్నాయి. బస్సు రాళ్లను తప్పించుకుని వాటి మీదికెక్కినప్పుడల్లా చక్రాల కింద గింజ పగిలే చప్పుడు వచ్చింది. డ్రైవరు తిట్టాడు, ఎవరినని కాదు, అందరినీ. నేను వినాల్సిన తిట్లే.

వదిన వారం రోజులుండి వచ్చింది. పోలీసుల దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను. పాత కాగితం మూసేశాం, ఇప్పుడెందుకమ్మా అన్నారు. చెప్పింది రాసుకోమంటే ఒకాయన రాసుకున్నాడు, ఎక్కడ పెట్టాడో నాకు తెలియదు. సెలవులకు మనవరాలు వదిన ఇంటికి వస్తోంది. మా గుమ్మం ముందు నుంచే వెళ్తారు. వదిన నాతో మాట్లాడదు. ఎదురుపడితే కొంగు ముక్కు మీదికి లాక్కుని పక్కనుంచి పోతుంది. రాయికి పసుపు రాయడం మానేసింది. లారీల వాళ్లు మానలేదు. అది దేవత కాదు, నా రాయి అని నేను చెప్తే ఒకడు, "అలగనకు మామ్మా, కల్లు పోతాయి" అన్నాడు. కొబ్బరి చిప్ప నా చేతిలో పెట్టి వెళ్లాడు.

నేను ఉలవలు వేయడం మానేశాను. ఊరు మానలేదు. ఊరిని అనడానికి నాకు నోరు లేదు, కళ్లాలు పోయాక గింజ ఎక్కడ రాల్చుకోవాలో నాకూ తెలియదు. నేను చేసేది ఒక్కటే. పుష్యం, మాఘం వచ్చాయంటే సాయంత్రాలు రోడ్డంట నడుస్తాను. మొక్కలు ఎత్తేసి రాళ్లు మరిచిపోయిన చోట తీసి అంచున వేస్తాను. నా వయసుకు పెద్దవి రావు. గునపం పట్టుకెళ్తాను.

మొన్న ఒకామె దూరం నుంచే అరుచుకుంటూ వచ్చింది.

"ఓసి ముసిల్దానా, నా రాల్లతో నీకేటే పని? పొద్దున మల్లీ ఎవుడు మోస్తాడు, నీ మొగుడా?"

"మొగుడు పోనాడు. నువ్వే మోసుకో. కూకో, ఒక సంగతి సెప్తాను."

కూర్చోలేదు. నిలబడే విన్నది. ఎవరి రాయో, ఎవరు పడ్డారో, నేను ముందు ఎటు వెళ్లానో, అతను నన్ను ఏమడిగాడో, అన్నీ చెప్పాను. ఏదీ మింగను ఇప్పుడు. ఆమె ఆ చివరన ఉన్న రెండు రాళ్లు తనే తీసి అంచున పడేసింది.

మర్నాడు పొద్దున అటు వెళ్లి చూస్తే మూడు రాళ్లు మళ్లీ దారి మధ్యలో ఉన్నాయి. మంచు ఇంకా విడలేదు. గునపం కోసం ఇంటికి తిరిగొచ్చాను.